చెప్పులు విప్పే చోటు

లేహ్
2 అక్టోబర్ 2024

లీలత్తా,

నీ రోజ బాగానే ఉంది. ఉత్తరంలో మొట్టమొదట ఈ మాటే రాయాలని నారాయణఖేడ్ బస్టాండులో నా చెయ్యి పట్టుకుని చెప్పావు. రాశాను. ఇక మిగతా సంగతులు.

ఇక్కడ గాలి పలచగా ఉంటుంది. మొదటి రెండు రోజులు మెట్లెక్కితే మన మోతీరాం తాత లాగా ఆయాసపడ్డాను. ఇప్పుడు ఫరవాలేదు. అన్నం దొరుకుతుంది, పప్పు దొరుకుతుంది, జొన్నరొట్టె మాత్రం కలలోకి వస్తోంది. నువ్వు కట్టిచ్చిన కారంపొడి సగం అయిపోయింది, ఇక్కడి వాళ్లకు రుచి చూపించాను మరి.

నువ్వొక ఫోను పెట్టుకుంటే ఈ పోస్టు తిప్పలు ఉండేవి కావు. చెవులు వినపడకపోతే వాట్సాప్‌లో రాసుకునేవాళ్లం. కానీ ఫోనుకు చార్జింగ్ పెట్టాలంటే ప్లగ్గు ముట్టుకోవాలి, మామ పోయినప్పటి నుంచి నువ్వు ప్లగ్గు ముట్టవు. సరే, నా రాత ఎలాగూ బాగుంటుందని హాస్టల్లో అందరికీ చూపించుకునేదానివి కదా, ఇప్పుడు చూపించుకో.

పని గురించి చెప్పాలి. లేహ్ పక్కన ఒక చిన్న దవాఖాన ఉంది. రోడ్డు నుంచి తలుపు దాకా ఏటవాలు దారి. చలికాలంలో దాని మీద మంచు పడి గట్టి గడ్డ అవుతుంది. స్ట్రెచర్ మోసేవాళ్లే జారిపడతారు. పోయిన ఏడు ఒకామె కాలు విరిగి దవాఖానకు వస్తూ రెండో కాలు ఆ వాలు మీద విరగ్గొట్టుకుందట. ఆంగ్మో అని ఇక్కడి నర్సు చెప్పింది. ఉప్పు చల్లుతారు, పారతో గీకుతారు, మళ్లీ పడుతుంది. అందుకని మా కంపెనీ ఆ వాలును కరెంటుతో వేడెక్కే కాంక్రీటుతో వేస్తోంది. కాంక్రీటులోనే బొగ్గుతో చేసిన సన్నటి నార, ఇనుప తీగల ముక్కలు కలుపుతాం. దాని గుండా కరెంటు పారితే వాలంతా గోరువెచ్చగా అయ్యి, మంచు పడింది పడినట్టే నీళ్లయిపోతుంది.

నిన్న కాంక్రీటు పోశాం. తడిసిన మన రేగడిలా నల్లగా ఉంది. మన దగ్గరైతే గట్టిపడాలని పైన మట్టి కట్టలు కట్టి నీళ్లు నిలబెడతారు. ఇక్కడ అలా చేస్తే తెల్లారేసరికి నీళ్లు గడ్డకట్టి కాంక్రీటు పాడైపోతుంది. అందుకని దుప్పట్లు కప్పాం. నువ్వు హాస్టల్ పిల్లలకు కప్పినట్టే మూలలు కిందికి దోపి మరీ కప్పాను.

డిప్లొమాలో చేరేటప్పుడు మామ సమాధి దగ్గర నీకు మాట ఇచ్చాను, కరెంటు పని ఏది పట్టినా నీకు చెప్పకుండా పట్టనని. అందుకే ఇదంతా. వచ్చే ఎండాకాలం కాన్పుల వార్డు దాకా ఇలాంటిదే ఇంకో పెద్ద దారి వేస్తారు. దానికి నన్ను ఉండమంటున్నారు. నువ్వు సరే అంటేనే ఉంటాను. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీ మాట లేకుండా నాకు ఏ పనీ సాగదు.

పని కోసం ఒకసారి ప్రార్థన చెయ్యి.

నీ రోజ


నారాయణఖేడ్
17 అక్టోబర్ 2024

రోజా,

ఉత్తరం అందింది. చదివిన. మళ్లీ చదివిన, చెవుల వెనకనే కళ్లు కూడా పోయినయా ఏంది అని. కళ్లు బాగానే ఉన్నయి. నువ్వే రాసినవు. కాంక్రీటులో కరెంటు. దాని మీద జనం నడుస్తరు. అదీ తడిగా ఉన్నప్పుడు. అదీ రోగులు.

ఈ లోకంలో ఇంతమంది ఉంటే ఈ పని నీకే దొరికిందా?

నీకు తెలియని సంగతి కాదు, అయినా రాస్త. మీ మామ ఈరయ్య ఎవరి చేనులో అడుగుపెట్టినా గెట్టు మీద చెప్పులు విప్పేవాడు. తిండి పండే చోటు, చెప్పులతో తొక్కరాదు అనేవాడు. మా అత్తగారింట్లో అందరికీ అదే అలవాటు. ఆ రోజు వాన పడి నేల మెత్తగా ఉన్నది. మీ మామ మన ఊరి దేవప్ప వాళ్ల కందిచేనుకు అడ్డం పడి ఇంటికి వస్తున్నడు. దేవప్ప అడవిపందుల కోసం చేను చుట్టూ కరెంటు తీగ కట్టిండని ఎవరికీ తెలవదు. నేను పోయేసరికి గెట్టు మీద చెప్పుల జత ఉన్నది, పక్కపక్కకే, చర్చి గడప ముందర విప్పినట్టు. ఆ చెప్పులు చూసినాకనే లోపల చూసిన.

ఆ చెప్పులు ఇప్పటికీ మంచం కింద ఉన్నయి. నీకు తెలుసు.

నువ్వు కరెంటు చదువు చదువుతానంటే నేను ఎందుకు ఒప్పుకున్న? ఇట్లా తీగలు కట్టేవాళ్ల చేతులు ఆపుతవని. కాళ్ల కింద కరెంటు పెడతవని కాదు. దేవప్ప కూడా మనుషుల కోసం కట్టలేదు. పందుల కోసమే కట్టిండు. నువ్వు మంచు కోసం కట్టినవు. కాలికి ఈ తేడా తెలుస్తదా?

ఆ పని వదిలి రా. ప్రార్థన చేసిన, నీ పని కోసం కాదు, నీకు బుద్ధి రావాలని.

ఇక్కడ అందరూ బాగున్నరు. హాస్టల్లో కొత్త వంటామె వచ్చింది, పప్పులో ఉప్పు వేయడం రాదు, రిటైరైన నన్ను మళ్లీ పిలుస్తున్నరు. మీ నాయన ఇమ్మానుయేల్ యాసంగి జొన్న వేసిండు. పోయినసారి అంతా పందులే మేసినయి, ఈసారి కూడా అదే భయంలో ఉన్నడు. స్వెట్టర్ లోపల నూలు బనీను తొడుక్కో.

మీ అత్త లీలమ్మ


లేహ్
30 అక్టోబర్ 2024

లీలత్తా,

నీ ఉత్తరం చదివాను. నువ్వు కోప్పడతావని తెలుసు. దేవప్పతో పోలుస్తావని అనుకోలేదు. నొచ్చుకున్నాను. నొచ్చుకున్నా సరే, నేను రాసిన తీరు బాగాలేదని తర్వాత అర్థమైంది. సగం చెప్పి ఊరుకున్నాను.

ఇప్పుడు నిదానంగా విను. కరెంటుకు ఒత్తిడి ఉంటుంది. బావి మోటరు నీళ్లను తోసినట్టే అదీ తోస్తుంది. మన ఇంట్లో కరెంటు రెండు వందల ముప్ఫై వోల్టుల ఒత్తిడితో తోస్తుంది. మోటరు తీగల్లో ఇంకా ఎక్కువ. మామను తీసుకుపోయింది అది. నా వాలులో ముప్ఫై ఆరు వోల్టులే. ట్రాక్టరు బ్యాటరీ ఉంది కదా, అలాంటివి మూడు వరసగా కలిపితే ఎంతో, అంతే. నాయన ట్రాక్టరు బ్యాటరీ మీద ఎన్నిసార్లు చెయ్యి పెట్టి ఉంటాడు? ఏమైనా అయిందా? చిన్న కరెంటు మనిషిని ఏమీ చెయ్యదు.

నమ్మకం కుదరకపోతే నాయనను అడుగు. ఆయనకు మోటర్లు, స్టార్టర్లు తెలుసు. ఈ కాగితం వెనక బొమ్మ గీశాను. రోడ్డు మీది కరెంటు తీగ, ఆ తీగ ఒక డబ్బాలోకి పోతుంది, డబ్బా కరెంటును చిన్నది చేస్తుంది, అక్కడి నుంచి కాంక్రీటులోకి రెండు పట్టీలు. అంతే. ఊరికి పోయి నాయనకు చూపించు, నీ కుడిచెవి దగ్గర గట్టిగా అరిచి చెప్పమను.

పోయిన శుక్రవారం మొదటిసారి కరెంటు ఇచ్చి చూశాం. పైన నా అరచెయ్యి ఆనించాను. పొయ్యి ఆర్పిన గంటకు గట్టు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. మంచు ఇంకా పడలేదు. పడ్డాక రాస్తాను.

వదిలి రమ్మన్నావు. నువ్వు బొమ్మ చూసి, నాయన మాట విని, అప్పటికీ వద్దంటే వస్తాను.

నూలు బనీను తొడుక్కునే ఉన్నాను.

రోజ


నారాయణఖేడ్
14 నవంబర్ 2024

రోజా,

దేవప్పతో పోల్చిన మాట వెనక్కి తీసుకోను. నువ్వు నొచ్చుకున్నందుకు మాత్రం నాకు బాధగా ఉన్నది. రెండూ రాస్తున్న.

ఆదివారం ఆరాధన కాంగనే షేరు ఆటోలో ఊరికి పోయిన. మీ నాయనకు నీ కాగితం ఇచ్చిన. అరుగు మీద కూచుని నిదానంగా చదివిండు. మొఖం వెలిగిపోయింది. అంతవరకు అట్లా చూడలేదు వాణ్ని. కుడిచెవి కాడికి వచ్చి అరిచిండు, "అక్కా, నా బిడ్డ ఏం చదువు చదివిందే! గింత చిన్న కరెంటుతోని గంత పెద్ద పని!" వాడు చెప్పింది అంతే. నాకు సమజైంది అంతకన్నా తక్కువ.

నీ బొమ్మ తనకే కావాలన్నడు. ఇచ్చిన. మళ్లీ మళ్లీ చూసుకుని మడిచి జేబులో పెట్టుకున్నడు. మర్నాడు ఖేడ్‌కు వచ్చిండట, మోటర్ల మెకానిక్ కాడ చానాసేపు కూచున్నడని ఊరి నుంచి వచ్చిన నీలమ్మ చూసి చెప్పింది. నా ఇంటికి రాకుండనే పోయిండు. జొన్న మోకాలెత్తు వచ్చింది, ఈసారి పందుల సంగతి చూసుకుంటనని అందరితో అంటున్నడట. వాడికి ధైర్యం వచ్చింది, అందుకు సంతోషం.

నా సంగతి వేరు. మన గల్లీకి మీటర్లు చూడ వచ్చిన లైన్‌మన్ దశరథ్‌ను ఆపి అడిగిన. "అవ్వా, చిన్నదో పెద్దదో, తడిల కరెంటు అంటే నేనైతే కాలు పెట్ట" అన్నడు. రోజూ స్తంభాలెక్కేవాడు అన్న మాట.

సరే, ఒకటి అడుగుత. నువ్వు అరచెయ్యి పెట్టిన అన్నవు. అది పొడిగా ఉన్నప్పుడు. నీ కాళ్లకు బూట్లు ఉండె. బూట్లకు రబ్బరు ఉండె. అవునా కాదా? బూట్లు విప్పి, ఒట్టి కాళ్లతో, నీళ్లున్నప్పుడు దాని మీద నిలబడ్డవా? నిలబడితే నిలబడ్డ అని రాయి. లేకపోతే లేదు అని రాయి. వోల్టుల లెక్క నాకు వద్దు.

మీ అత్త


లేహ్
6 డిసెంబర్ 2024

అత్తా,

ఆంగ్మో తమ్ముడు ఇప్పుడే ఢిల్లీ విమానానికి పోతున్నాడు, అక్కడ పోస్టులో వేస్తానన్నాడు. రెండు ముక్కలే రాయగలను. మంచు పడింది. నిన్న నా వాలు దగ్గర ఒక ముసలామె పడిపోయింది. తప్పు నాదే. ఇక్కడ అందరూ నా మీద కోపంగా ఉన్నారు, ఇలాగే అయితే కరెంటు తీసేసి మామూలు వాలుగా వదిలేస్తామంటున్నారు. నువ్వు అడిగినదానికి జవాబు ఇప్పుడు రాయలేను. మనసు బాగాలేదు. తర్వాత రాస్తాను.

రోజ


లేహ్
11 డిసెంబర్ 2024

లీలత్తా,

మొన్నటి ఉత్తరం అట్లా పంపి ఉండకూడదు. పంపాక గుర్తొచ్చింది, నువ్వు ఏమనుకుంటావో. ఈ ఉత్తరం ముందు చేరితే బాగుండు. విమానాలు రోజూ రావడం లేదు, మంచు.

ఆమెకు కరెంటు తగలలేదు. వాలు బాగానే పని చేసింది. జానెడు మంచు పడితే వాలు మీద ఒక్క పలుకు నిలవలేదు. చూడముచ్చటగా ఉంది. కానీ కరిగిన నీళ్లు ఎక్కడికి పోవాలి? కిందికి జారి, వాలు అయిపోయి మామూలు రోడ్డు మొదలయ్యే చోట మళ్లీ గడ్డకట్టాయి. నీళ్లు పోవడానికి కాలువ పెట్టాలని గీసుకున్నాను, చలి ముంచుకొస్తోందని తర్వాత చేద్దామనుకుని వదిలేశాను. ఆమె వాలంతా దిగి ఆ చివర జారింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టారు. నేను పోయి క్షమాపణ అడిగితే తన భాషలో ఏదో అని నా చెంప మీద తట్టింది. కాలువ తవ్వుతున్నాం. నేల ఇనుములా ఉంది, గునపం దిగడం లేదు, నిప్పులు పోసి మెత్తబరిచి తవ్వుతున్నాం.

ఇక నువ్వడిగింది. లేదు. నిలబడలేదు.

రోజూ ఆ వాలు మీదే తిరుగుతాను. మందపాటి రబ్బరు బూట్లతో. ఇక్కడందరూ బూట్లతోనే తిరుగుతారు, చలి అలాంటిది, కాబట్టి ఎవరూ నన్ను అడగలేదు. నువ్వు అడిగాక ఒకరోజు అందరూ భోజనానికి పోయినప్పుడు వాలు అంచున కూచుని లేసులు విప్పాను. మళ్లీ కట్టుకున్నాను. లెక్కలన్నీ నోటికి వచ్చు అత్తా. ఏమీ కాదని తెలుసు. కానీ తడి నేల, ఒట్టి కాలు అనుకోగానే గెట్టు మీది ఆ చెప్పులు కనపడ్డాయి. భయమేసింది. నాకే భయంగా ఉన్నచోట నిన్ను నమ్మమని ఎట్లా అడగను?

రోజ


నారాయణఖేడ్
19 డిసెంబర్ 2024

రోజా,

నీ రెండు ముక్కల ఉత్తరం మొన్న వచ్చింది. ముసలామె పడిపోయింది, తప్పు నాదే అని రాసినవు. ఆమె బతికి ఉన్నదా? నీకు ఫోను చేపించాలని అప్పటికప్పుడు ఆటో ఎక్కి మీ నాయన కాడికి పోయిన.

ఇంట్లో లేడు. చేనుకాడ ఉన్నడన్నరు. నడుచుకుంట పోయిన. జొన్న నడుమెత్తు వచ్చింది. దూరం నుంచే చూసి సంబురపడ్డ. దగ్గరికి పోతే చేను చుట్టూ మేకులు, మేకులకు పిక్కలెత్తున సన్నటి తీగ. అక్కడక్కడ ఎర్రగుడ్డ పేలికలు. మూలన మన నల్లకుక్క పడి ఉన్నది. నిద్రపోతుందనుకున్న. పిలిచిన. లేవలేదు.

ఆ జాగల ఎంతసేపు నిలబడ్డనో తెలవదు. తర్వాత దేవుడే నడిపించిండు. పక్క చేను మీదికెల్లి చుట్టు తిరిగి మోటరు కొట్టానికి పోయిన. మీ నాయన మంచం మీద పండుకుని ఉన్నడు. రాత్రి వేసిన కరెంటు పొద్దున తీయలేదు, నిద్ర పట్టింది. గోడకు డబ్బా ఉన్నది. డబ్బా మూతకు లోపల దిక్కు నీ బొమ్మ అతికించి ఉన్నది, రోజా. నువ్వు గీసిన బొమ్మ.

మీ మామ పోయినప్పటి నుంచి నేను బల్బు స్విచ్చు కూడా వెయ్యలేదు. పక్కింటి పిల్లలే వేసి పోతరు. ఎండిన కట్టె తీసుకుని మెయిన్ హ్యాండిల్ కిందికి గుంజిన. ఫీజులు మూడూ పీకి కొంగుకు ముడేసుకున్న. అప్పుడు మీ నాయనను లేపిన.

ఏమన్నడో రాస్త. నా కుడిచెవిలో అరిచినవి అరిచినట్టే గుర్తున్నయి. "రోజనే రాసింది కద అక్కా, చిన్న కరెంటు మనిషినేం చెయ్యదని! గదే పద్ధతిల కరెంటు తగ్గించే పాత వెల్డింగ్ మిషనుకెల్లి ఇచ్చిన. పందులకు చీమ కుట్టినట్టన్న కాలే. గందుకే ఇగ డైరెక్టు ఇచ్చిన. నాలుగు దినాలే, మళ్ల తీసేస్త. మనుషులకు కనవడాలనే ఎర్రగుడ్డలు కట్టిన."

"ఈరయ్య పోయినప్పుడు దేవప్ప గిదే చెప్పిండు. గిదే నాలుగు దినాలు" అన్న. వాడు తల వంచుకున్నడు.

తెల్లారి నీలమ్మ, ఆమెతో వచ్చే కూలి ఆడవాళ్లు పక్క చేనులో కంది కోతకు వచ్చేది ఉన్నది. అందరూ గెట్టు మీద చెప్పులు విప్పేవాళ్లే. నేను ఒక్క రోజు ఆలస్యంగా పోతే ఏమయ్యేదో నువ్వే అనుకో.

తీగ మొత్తం నేనే చుట్టిన. చేతులు కోసుకుపోయినయి. చుట్ట తెచ్చి నా ఇంట్లో పెట్టుకున్న. నల్లకుక్కను మీ నాయన పూడ్చిండు. వెక్కివెక్కి ఏడ్చిండు. ఫోను సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు.

ఆ తీగ మీ నాయన కట్టిండు. కానీ ఆ ధైర్యం నీ కాగితమే ఇచ్చింది. చిన్న కరెంటు అనేది మనసులోకి వస్తే పెద్ద కరెంటు దాని వెనకనే వస్తది. నేను నీకు చెప్పేది ఒక్కటే. ఆ పని వదిలి రా. రానంటే ఇక నాకు ఉత్తరాలు రాయకు.

లీలమ్మ


లేహ్
4 జనవరి 2025

లీలత్తా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. చదవకపోతే దాచిపెట్టు, ఎప్పుడో ఒకప్పుడు చదువుతావు.

నాయనతో వారంవారం ఫోనులో మాట్లాడుతూనే ఉన్నాను. జొన్న బాగుందనే చెప్పాడు. నల్లకుక్క గురించి అడిగితే తిరగడానికి పోయిందన్నాడు. నీ ఉత్తరం వచ్చిన రోజు ఫోను చేసి చదివి వినిపించాను. తర్వాత "నా బిడ్డ పేరు మీద తప్పు చేసిన్నే" అని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

నా బొమ్మ ఆ డబ్బాకు అతికించి ఉందని చదివాను. బొమ్మలో డబ్బా ఒక్కటే గీశాను. ఆ డబ్బా లోపల ఉన్నవేవీ గీయలేదు. రోడ్డు మీది కరెంటు మా కాంక్రీటును ఎక్కడా ముట్టుకోకుండా మధ్యలో అడ్డు ఉంటుంది. ఏ కాస్త తేడా వచ్చినా అదంతట అదే ఆగిపోయే స్విచ్చులు ఉంటాయి. నా వాలును నిలబెట్టేవి అవే. అవి రాస్తే నీకు విసుగొస్తుందని వదిలేశాను. నీ కోసం తేలిక చేసి రాసింది నాయన చేతిలో తీగ అయింది. ఈ మాట ఒప్పుకుంటున్నాను. చిన్న కరెంటు వెనక పెద్దది వస్తుందన్నావు. వచ్చింది కూడా.

ఇక రెండో సంగతి.

మొన్న పొద్దున మళ్లీ మంచు మొదలైంది. కరెంటు ఇచ్చారు. వాలంతా తడిసి నల్లగా మెరుస్తోంది. అందరూ ఉన్నారు, ఇంజనీరు, ఆంగ్మో, చేతికి కట్టుతో చూపించుకోవడానికి వచ్చిన ఆ ముసలామె. నేను వాలు అంచున కూచుని బూట్లు విప్పాను. రెండు జతల మేజోళ్లు విప్పాను. ఇంజనీరు పిచ్చి పట్టిందా అని అరిచాడు. ఆంగ్మో నవ్వుతూ నా బూట్లు పట్టుకుంది. మంచులో ఒక అడుగు వేస్తేనే వాలు వస్తుంది. ఆ ఒక్క అడుగుకే ప్రాణం పోయేంత చలి. మామ పేరు తలుచుకుని కుడికాలు పెట్టాను. తర్వాత ఎడమది.

వెచ్చగా ఉంది అత్తా. ఇంకేమీ లేదు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు పారుతున్నాయి, పాదాల కింద వెచ్చగా ఉంది. నా చుట్టూ మంచు పడుతోంది, నేను నిలబడ్డ చోట పడటం లేదన్నట్టే ఉంది. పై నుంచి కింది దాకా నడిచాను, మళ్లీ ఎక్కాను. ఆ ముసలామె వంగి, బాగున్న చెయ్యి వాలు మీద ఆనించి, అట్లాగే ఉండిపోయింది. పొమ్మన్నా పోదు, చెయ్యి కాచుకుంటోంది.

కాలువ పూర్తయింది. ఇప్పుడు చివర గడ్డకట్టడం లేదు. కరెంటు తీసేస్తామనే మాట ఎవరూ అనడం లేదు. కొత్తగా వచ్చిన గొడవ ఒక్కటే, కుక్కలు. ఊళ్లోని వీధికుక్కలన్నీ మంచు పడితే చాలు నా వాలు మీదికి వచ్చి పడుకుంటున్నాయి. తడి అని కూడా చూడవు. కడుపు ఆనించి, కాళ్లు చాచి, ఒకదాని మీద ఒకటి. ఆంగ్మో రోజూ చీపురు తీసుకుని తరుముతుంది, వార్డులోకి పోయి వచ్చేసరికి మళ్లీ వచ్చేస్తాయి. స్ట్రెచర్ వస్తే వాటిని ఒక్కొక్కటిగా లేపాల్సి వస్తోంది.

కాన్పుల వార్డు దారికి నేను ఇంకా అవుననలేదు. నువ్వు రమ్మంటే ఈ చలికాలం అయ్యాక వస్తాను. మాట మాటే. కానీ ఉత్తరాలు ఆపకు. అది మాత్రం నావల్ల కాదు.

నీ రోజ


నారాయణఖేడ్
21 జనవరి 2025

రోజా,

నీ రెండు ఉత్తరాలు ఒక్కటే రోజు వచ్చినయి. ముసలామె చెయ్యి విరిగిన ఉత్తరం ఇప్పుడు వచ్చింది. పోస్టాయనకు చెప్పిన, మంచు అంటే మంచే కానీ మా ప్రాణం తీస్తున్నవు అని. తారీకులు చూసి, ముందు రాసింది ముందు చదివిన.

ఆమె బతికి ఉన్నందుకు దేవునికి స్తోత్రం చేసిన. చేతికి ఆముదం రాసి కాపడం పెట్టమను.

భయమేసిందని రాసినవు చూడు, లేసులు విప్పి మళ్లీ కట్టుకున్ననని. అది చదివి ఏడ్చిన. నాకు ఒక్కదానికే అనుకున్న ఆ భయం. నీకు ఏం కాదనే ధైర్యంతో ఆ పనిలోకి పోయినవనుకుని కోపం చేసిన. భయం పెట్టుకుని కూడా పోయినవని తెలవదు.

నీ వోల్టులు, నీ డబ్బా లోపలి అడ్డు, అవి నాకు ఇప్పుడు కూడా తలకెక్కలేదు. నువ్వు నిలబడ్డ అన్నది కూడా, నన్ను నమ్మించడానికి మొండితనం చేసిందేమో అనుకున్న. కుక్కలు పండుకుంటున్నయి అన్నవు. అది తలకెక్కింది. కుక్కకు ఎవరి మాట వినే అవసరం లేదు, ఎవరినీ నమ్మించే అవసరం లేదు. ఇక్కడ మన నల్లకుక్క తీగ కాడ పడి ఉన్నది. అక్కడ కుక్కలు లేపినా లేవకుండా పండుకుంటున్నయి. దేవప్పకు నీకు తేడా ఏందని అడిగితిని కదా, ఇగో, తేడా ఇదే. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్న.

మీ నాయన సంగతి. రోజూ పొద్దుగూకే యాళ్లకు డబ్బా రేకులు కొట్టుకుంట చేను చుట్టూ తిరుగుతున్నడు. పందులు కొంత తింటున్నయి, కొంత మిగులుతున్నది. మిగిలిందే తిందాం. తీగ చుట్ట నా దగ్గరే ఉన్నది, ఇయ్యను. నీ బొమ్మ చింపేస్తనంటే వద్దన్న. దాని మీద నువ్వు గీయనిది కూడా గీసి పంపు, ఊళ్లో ఇట్లాంటి ధైర్యం ఎవరికి వచ్చినా చూపిస్త. వానికి ఒక్కనికే వచ్చిన ఆలోచన కాదు అది.

పోయిన ఆదివారం మంచం కింది చెప్పులు తీసిన. దుమ్ము తుడిచి, నూనె పెట్టి మీ నాయనకు ఇచ్చిన. ఎవరి చేనులోకి పోయినా ఇవి విప్పకు అని చెప్పిన. నీలమ్మకు, ఆమె కూలి ఆడవాళ్లందరికీ కూడా చెప్పిన. ముసలోళ్లు నా మీద గులిగిన్రు, తిండి పండే చోట చెప్పులేంది లీలమ్మా అని. కాళ్ల కింద ఏమున్నదో ఎవరు ఏం కట్టిన్రో తెలవని జాగల విప్పుడు వద్దు అన్న. ఈరయ్య ఉంటే నన్ను తిట్టేవాడే. తిట్టనీ.

నువ్వు కాన్పుల వార్డు దారి పని పట్టు. బిడ్డను మోసే తల్లులు నడిచే దారి, బాగా చెయ్యి. సరే అంటున్న.

కానీ ఒక షరతు. అది పెద్ద దారి, నీళ్లు పారే కాలువ మొదలే తవ్వు. పని అయినాక, తడి ఉన్నప్పుడు, ఎవరూ దాని మీద కాలు పెట్టకముందు, నువ్వు బూట్లు విప్పి నిలబడాలె. మొదటి కాలు నీదే కావాలె. ఏటా మొదటి మంచు పడ్డ రోజు కూడా అంతే. నిలబడ్డ అని ఉత్తరం మొదట రాయి. బాగున్న అనే మాట తర్వాత రాసినా నడుస్తది.

మీ అత్త లీలమ్మ